పొదుగు గంపలో నరాల దారి



మా అవ్వది పుంగనూరు పక్కన పల్లె. వేసవి సెలవులకు అక్కడికి పోతే, కోడిని పొదగేసే రోజు అవ్వ పక్కనే కూర్చునేదాన్ని. పాత గంపలో బూడిద కలిపిన ఇసుక పోసి, దానిమీద వరిగడ్డి చుట్ట పరిచి, పదకొండో పదమూడో గుడ్లు పేర్చేది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనపముక్క, రెండు బొగ్గులు, ఒక ఎండుమిరపకాయ పక్కన పెట్టేది. వారం గడిచినాక, కోడి మేతకు లేచిన వేళ చూసి, ఒక్కొక్క గుడ్డే తీసి తలుపుసందులో పడే ఎండకు అడ్డం పట్టేది. "ఇట్ల రా మే, చూడు. ఎర్రగా దారాలు కనపడతాండాయా? ఇది పిల్లయ్యే గుడ్డు. ఇది చూడు, ఊరికే తెల్లగా ఉండాది. దీంట్లో ఏమీ లేదు" అనేది.

ఆ ఎర్రదారాలు రక్తనాళాలని తరవాత చదువుకున్నాను. వాటి నడుమ, ఎండకు అడ్డం పట్టినా కనపడనంత సన్నంగా, ఇంకోరకం దారాలు పెరుగుతుంటాయని కూడా అప్పుడే తెలిసింది. అవి నరాలు. కోడిపిల్ల వెన్నులో పుట్టి, రెక్కకూ కాలికీ దారి వెతుక్కుంటూ పోతుంటాయి. ఎక్కడికి పోవాలో వాటికి ఎట్లా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు ప్రపంచంలో దొరికిన జవాబుల్లో ముఖ్యమైనవి కొన్ని మా అవ్వ గంపలో ఉన్నటువంటి కోడిగుడ్డులోనే దొరికాయి. ఇవాళ ఆ కథ చెబుతాను.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. మన పక్క నరం అనే మాటను రెండింటికీ వాడతాం. ముసలివాళ్ళ చేతిమీద నరాలు తేలినాయంటే అవి రక్తం నడిచే సిరలు. నాడి చూడమంటే వైద్యుడు పట్టుకునేది రక్తం కొట్టుకునే ధమని. నేను చెప్పే నరం అది కాదు. మోచేయి పొరపాటున గడపకు తగిలితే చిటికెనవేలిదాకా జిల్లుమంటుంది చూడండి, ఆ జిల్లుమన్నదే అసలు నరం. మెడ కిందిభాగంలో వెన్నుపాము దగ్గర మొదలై, చంక గుండా, మోచేయి వెనక ఎముక పక్కనుంచి, ముంజేయి దాటి, చిటికెనవేలి కొసదాకా వస్తుంది. అందులో వేలకొద్దీ పోగులుంటాయి. ఒక్కొక్క పోగు ఒక్కొక్క కణం చాపిన చెయ్యి. కణం ఉండేది వెన్ను దగ్గర, కంటికి ఆననంత చిన్నది. దాని చెయ్యి మాత్రం మూరెడు పైన.

ఆ పోగు చిటికెనవేలికి బదులు బొటనవేలికి ఎందుకు పోలేదు? కండరానికి పోవాల్సింది చర్మానికి ఎందుకు పోలేదు? మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. మన కణంలో ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు ఇరవై వేలు. ఒక్కొక్క పోగుకూ విడిగా చిరునామా రాసివ్వాలంటే ఆ జన్యువులు ఏ మూలకూ చాలవు. కాబట్టి ఎవరిచేతిలోనూ పూర్తి పటం లేదు. ఇది మనసులో పెట్టుకుని వినండి.

నేను మదనపల్లెలో చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. ప్రాక్టికల్స్‌లో కోడిపిండం తీయడం ఒకటి ఉండేది. ఇరవైనాలుగు గంటలది, నలభైయెనిమిది గంటలది, డెబ్బైరెండు గంటలది. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో గుడ్డును నిదానంగా పగలగొడితే, పచ్చసొన మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి వల, దాని నడుమ చిన్న కామాలాంటి ఆకారం. వడపోత కాగితాన్ని ఉంగరంలా కత్తిరించి దానిమీద మెల్లగా ఆనిస్తే, అంటుకుంటుంది. చుట్టూ కత్తెరతో కోసి ఎత్తి, గాజుపళ్ళెంలో వేస్తే గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. మొదటిసారి చూసిన పిల్లలు ఒక్కరూ మాట్లాడరు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. డెబ్బైరెండు గంటల పిండంలో రెక్కలూ కాళ్ళూ ఇంకా చిన్న మొటిమలు. సరిగ్గా ఆ సమయంలోనే వెన్ను నుంచి మొదటి నరాల పోగులు బయలుదేరుతాయి. నాలుగో రోజుకల్లా పిండం మెడ ఒకవైపుకు ఒంచుతుంది. అంటే ఒకటో రెండో పోగులు కండరాన్ని చేరిపోయినట్టే.

1890లో స్పెయిన్ దేశస్థుడు సాంతియాగో రమోన్ ఇ కహాల్ ఇలాంటి చిన్నవయసు కోడిపిండాలకే వెండి రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూశాడు. పెరుగుతున్న ప్రతి పోగు కొసనా ఒక చిన్న ఉబ్బు, దానినుంచి వేళ్ళలాంటివి కనిపించాయి. ఆయన చూసింది చచ్చిపోయిన, రంగువేసిన పిండాన్ని. అయినా అందులో కదలికను ఊహించాడు. ఎదురైనదాన్ని నెట్టుకుంటూ పోయే దూలంలా ఈ కొస పనిచేస్తుందన్నాడు. కొద్దికాలానికి ఇంకో మాట కలిపాడు: దూరంలో ఉన్న కణాలు వదిలే ఏదో పదార్థం ఈ కొసను లాగుతూ ఉండాలి అని. ఆయన ఊహను రుజువు చెయ్యడానికి ఇంకో నూరేళ్ళు పట్టింది.

ఆ కొసను నేను మొన అనే అంటాను. శాస్త్రంలో దానికి వేరే పేర్లున్నా, మొన అంటే మనకు చప్పున తెలుస్తుంది. వెంట్రుక మందం కూడా ఉండదు. చిక్కుడు తీగ కొస కర్రకోసం గాలిలో చుట్టూ తడుముతుంది కదా, అట్లా ఈ మొన వేళ్ళు చాపుతుంది, ముడుచుకుంటుంది, ఇంకో పక్క చాపుతుంది. ఒక వేలికి నచ్చిన చోటు తగిలితే లోపలున్న కణపు అస్థిపంజరం ఆ వేపు బలపడుతుంది. మొన అటు తిరుగుతుంది. గంటకు కొన్ని పదుల మైక్రోమీటర్లు. రోజంతా నడిస్తే ఒక మిల్లీమీటరు, అటూ ఇటూ. ఇది నిజంగా నడుస్తుందని మొదట కళ్ళారా చూసినవాడు అమెరికాలో రాస్ హ్యారిసన్. 1907లో కప్ప పిండం వెన్నులోంచి చిన్న ముక్క తీసి, గడ్డకట్టిన కప్ప రసపు చుక్కలో వేలాడదీసి, సూక్ష్మదర్శిని కింద కూర్చున్నాడు. పోగు పెరగడం, మొన చేతులాడించడం చూశాడు. కణాలను శరీరం బయట బతికించే పద్ధతికి కూడా ఆ చుక్కే మొదలు.

ఇంత చిన్న మొన మీటరు పొడవు కాలు చివరిదాకా ఎట్లా పోతుందని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. పోయేది అంత దూరం కాదు. నరం బయలుదేరే వేళకు బిడ్డ మొత్తం సెంటీమీటరు కూడా ఉండదు. చెయ్యంటే ఒక మొలక. తల్లికి నెల తప్పిన సంగతి రూఢి అయ్యీ కాకముందే ఈ పని మొదలవుతుంది. ఒకసారి గమ్యం చేరి కొస పట్టుకున్నాక, చెయ్యి పెరిగేకొద్దీ పోగు దాంతోబాటే సాగుతుంది. పైగా ముందు పోయే పోగులు కొన్నే. తరవాతివి వాటిని అంటిపెట్టుకుని పోతాయి. మన హార్స్‌లీ కొండ కింద మేకలు కాసేవాళ్ళు మొదట కంపలు తొక్కి దారి చేస్తారు, ఆ వెనక అందరూ అదే బాట పట్టుకుంటారు, అట్లా.

దారి సరే, కొస దగ్గర సరైన చోటు ఎట్లా తెలుస్తుంది? ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో చాలామంది పండితులు ఒకమాట నమ్మారు: నరాలు ఎక్కడపడితే అక్కడ అతుక్కుంటాయి, తరవాత వాడకంలో, అలవాటులో సర్దుకుంటాయి అని. రోజర్ స్పెర్రీ దాన్ని కప్పలమీద, నీటిబల్లులమీద పరీక్షించాడు. 1943లో ప్రకటించిన పరీక్ష ఇది. నీటిబల్లి కంటినరాన్ని కోసి, కంటిని తలకిందులుగా తిప్పి అమర్చాడు. ఈ జీవుల్లో కంటినరం మళ్ళీ పెరుగుతుంది. పెరిగింది. చూపు వచ్చింది. కానీ ఎర పైన ఉంటే అది కిందికి ఎగబడేది, కింద ఉంటే పైకి. ఎన్నాళ్ళైనా నేర్చుకోలేదు. అంటే పోగులు వాడకం చూసి సర్దుకోలేదు. కంటిలో తాము పుట్టిన చోటును బట్టి మెదడులో తమ పాత స్థానానికే పోయాయి. పోగుకూ గమ్యానికీ మధ్య ఏదో రసాయనపు గుర్తింపు ఉందని ఆయన 1963లో సూత్రంగా చెప్పాడు.

మళ్ళీ కోడిగుడ్డు దగ్గరికి వస్తాను. లిన్ లాండ్‌మెసర్, సింథియా లాన్స్-జోన్స్ అనే ఇద్దరు స్త్రీలు చేసిన పని చెప్పకపోతే ఈ ప్రసంగం నాకు నిండినట్టు ఉండదు. రెండున్నర రోజుల కోడిపిండంలో, కాళ్ళకు నరాలు పంపే వెన్నుపాము ముక్కను, నరాలు బయలుదేరకముందే కోసి, ముందు వెనక చేసి తిప్పి అతికించారు. వేలితో గీరితే చెదిరిపోయేంత చిన్న ముక్క అది. నరాలు తప్పు స్థానం నుంచి బయలుదేరినా, మధ్యలో వంకలు తిరిగి, తమ అసలు కండరాన్నే చేరాయి. తొడ ముందుభాగానికి పోవాల్సినవి అక్కడికే పోయాయి. మరీ దూరం జరిపితే మాత్రం దారి తప్పాయి. దగ్గరలో గుర్తులు ఉంటే చదువుకోగలవు, ఊరే మారిస్తే చదవలేవు. 1980లో వచ్చిన ఆ ఫలితం చదివినప్పుడల్లా, గుడ్డుపెంకుకు కిటికీ కోసి అంత సున్నితమైన పని చేసి, దాన్ని మళ్ళీ మూసి, పిండం బతికి పెరిగేదాకా కాపాడిన ఆ చేతుల ఓపికకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

గుడ్ల మాట వచ్చింది కాబట్టి రీటా లెవీ-మొంతాల్చీనిని తలుచుకోవాలి. ఇటలీలో 1938లో యూదులకు విశ్వవిద్యాలయాల్లో చోటులేకుండా చట్టం తెచ్చారు. ఆమె యూదురాలు. ఉద్యోగం పోయింది. తురిన్ నగరంలో తన పడకగదినే ప్రయోగశాల చేసుకుంది. కుట్టుసూదులను సాన పట్టి కత్తులు చేసుకుంది. యుద్ధంలో బాంబులు పడుతుంటే పల్లెకు మకాం మార్చి, సైకిల్ మీద రైతుల ఇళ్ళకు తిరిగి పిల్లపట్టిన గుడ్లు కొనుక్కొచ్చేది. రెక్క మొలకను తీసేస్తే దానికి పోవాల్సిన నరాల కణాలు ఏమవుతాయో చూసింది. పుట్టకపోవడం కాదు. పుట్టి, బయలుదేరి, చేరాల్సిన చోటు లేక చచ్చిపోతున్నాయి. గమ్యం దగ్గర వాటికి తిండిలాంటిదేదో దొరుకుతోందన్నమాట. యుద్ధం అయినాక అమెరికా పోయి, స్టాన్లీ కోహెన్‌తో కలిసి ఆ పదార్థాన్ని పట్టుకుంది. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆమె నూట మూడేళ్ళు బతికింది. మామూలు కోడిపిండంలో కూడా వెన్నులో పుట్టిన, కండరాలను కదిలించే నరాల కణాల్లో దాదాపు సగం ఇట్లాగే రాలిపోతాయి. మనం రాగి నారు ఒత్తుగా పోసి పలచన చేసినట్టు, శరీరం ఎక్కువ పంపి, చేరినవాటిని ఉంచుకుంటుంది.

ఇక కహాల్ ఊహించిన ఆ లాగే పదార్థం. 1994లో అమెరికాలో మార్క్ టెసియర్-లవీన్ బృందం దాన్ని వేరుచేసింది. దేనినుంచో తెలుసా? వేలకొద్దీ కోడిపిండాల మెదళ్ళను నూరి, వడకట్టి, వడకట్టినదాన్ని మళ్ళీ వడకట్టి. దానికి పెట్టిన పేరు నెట్రిన్. ఆ పేరు వింటే మనకు ఏమీ తోచదు గానీ, అది సంస్కృతంలో నేతృ అనే మాటనుంచి తీసుకున్నది. దారి చూపేవాడు. మనం రోజూ నేత, నాయకుడు అంటామే, ఆ మాటే. కాలిఫోర్నియాలో ప్రయోగశాలలో పుట్టిన పదార్థానికి మన ఇంటి పేరు పెట్టారని పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ళ మొహాలు వెలిగేవి. అంతకు ముందే సన్నని నేల పురుగుల్లో అదే పదార్థం దొరికింది. పురుగుకూ ఈగకూ కోడికీ మనిషికీ అదే నేత.

లాగేవి ఉన్నట్టే తోసేవీ ఉన్నాయి. 1993లో జొనాథన్ రేపర్ ప్రయోగశాల కోడి మెదడులోంచే ఒక పదార్థం తీసింది. దాన్ని పెరుగుతున్న మొనమీద పోస్తే, అత్తిపత్తి ఆకులా ముడుచుకుపోయింది. అలాంటి పదార్థాల కుటుంబానికి సెమాఫోరిన్లు అని పేరు. సెమాఫోర్ అంటే పాతకాలం రైలు సిగ్నల్ చెయ్యి. కుప్పం స్టేషన్‌లోనో, మదనపల్లె రోడ్‌లోనో చిన్నప్పుడు రైలెక్కినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఎర్రచెయ్యి అడ్డంగా ఉంటే బండి ఆగాలి, వాలితే కదలొచ్చు. ఆ రేపర్ దగ్గర చదివిన శ్రీకాంత్ చలసాని పేరు కూడా చెప్పాలి. చలసాని అనే ఇంటిపేరు తెలుగువాళ్ళకు కొత్త కాదు కదా. 2003లో వాళ్ళు చూపించింది ఏమిటంటే, దారిలో ఉండే ఇంకో పదార్థం ఈ తోపుడు బలాన్ని మెత్తబరుస్తుంది. ఆ మెత్తబరిచే సంకేతం అందని ఎలుక పిండాల్లో నరాలు తమ బాట వదిలి చెదురుతాయి. సిగ్నల్ ఒక్కటే చాలదు, దాన్ని ఎంత గట్టిగా వినాలో కూడా పక్కనున్నవి చెబుతుంటాయి. ఆయన ఇప్పుడు కాలిఫోర్నియాలో సాల్క్ సంస్థలో పనిచేస్తున్నారు.

ఇప్పుడు మీ కుడిచెయ్యి ఒకసారి ఎత్తండి. ఎత్తమని చెప్పింది మెదడు ఎడమసగం. మన శరీరంలో ఎన్నో పోగులు నడిమిగీత దాటి అవతలి పక్కకు పోతాయి. ఈ దాటడంలోనే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే సంగతి ఉంది. నడిమిగీత దగ్గర లాగే పదార్థం ఉంటే మొన అక్కడికి వస్తుంది, సరే. కానీ అంత ఇష్టమైన చోటికి వచ్చినాక అక్కడే ఆగిపోవాలి కదా? ఎందుకు వదిలి అవతలికి పోతుంది? పోయినాక మళ్ళీ ఎందుకు వెనక్కి రాదు?

కుప్పం మనిషికి ఈ ప్రశ్న తేలిగ్గా అర్థమవుతుంది. అటు కొన్ని మైళ్ళు పోతే తమిళనాడు, ఇటు పోతే కర్ణాటక. పొద్దున తెలుగులో బయలుదేరి, సంతలో తమిళం మాట్లాడి, సాయంత్రం కన్నడంలో బేరమాడి ఇంటికొచ్చేవాళ్ళు ఉన్నారు. హద్దు దాటినాక బస్సు బోర్డు అక్షరాలు మారతాయి, చదివే కన్ను కూడా మారాలి. నరం మొన కూడా అట్లాగే చేస్తుంది. ఈగ పిల్లల్లో చూసిన సంగతి చెబుతాను. నడిమిగీత దగ్గర స్లిట్ అనే తోసే పదార్థం కూడా ఉంటుంది. దాన్ని గుర్తుపట్టేది మొనమీద ఉండే రోబో అనే ప్రొటీన్. దాటకముందు ఆ రోబోను మొన బయటికి రానివ్వదు, లోపలే దాచిపెట్టి నాశనం చేస్తుంది. అందుకే తోపు తెలియదు, లాగుడు మాత్రం తెలుస్తుంది. దాటిన మరుక్షణం రోబో పైకి వస్తుంది. ఇంతసేపు తియ్యగా ఉన్న చోటు ఇప్పుడు చేదు. అవతలికి పోయి మళ్ళీ తిరిగి చూడదు. ఆ ప్రొటీన్ లేని ఈగల్లో పోగులు నడిమిగీత దాటి, మళ్ళీ వెనక్కి దాటి, మళ్ళీ దాటి సర్కిల్ చుట్టూ తిరిగే ఆటోల్లా చుట్టుకుంటూనే ఉంటాయి. అందుకే దానికి రౌండెబౌట్ అని పేరు పెట్టారు. రోబో దాని ముద్దుపేరు.

ఒక చిన్న సవరణ కూడా చెప్పాలి. చాలా ఏళ్ళు మేము పాఠంలో నడిమిగీతలోని కణాలు వదిలిన నెట్రిన్ వాసనలా దూరందాకా వ్యాపించి మొనలను లాగుతుందని చెప్పేవాళ్ళం. 2017లో రెండు బృందాలు ఎలుకల్లో చూపించాయి: దారి పొడుగునా ఉన్న కణాలే నెట్రిన్‌ను పోగుల కాళ్ళకింద పరుస్తాయి, ఆ జిగటమీదే మొన ఎక్కువగా ఆధారపడుతుంది అని. నడిమిగీత నెట్రిన్ పని పూర్తిగా లేదని కాదు, కానీ కథ మేము చెప్పినంత సూటిగా లేదు. పాత నోట్సు దిద్దుకోవడం నాకు ఎప్పుడూ కష్టమనిపించలేదు.

మనుషుల్లో దాటే పని చూసే జన్యువు ఒకటి ఉంది, రోబో-3. 2004లో జోఆనా జెన్, ఆమె సహచరులు దాని సంగతి బయటపెట్టారు. కొంతమంది పిల్లలకు పుట్టినప్పటినుంచి కళ్ళు పైకీ కిందికీ తిరుగుతాయి గానీ, పక్కలకు తిరగవు. పక్కనున్నది చూడాలంటే తలే తిప్పాలి. పెరిగేకొద్దీ వెన్నెముక పాములా వంకరపోతుంది. వాళ్ళ మెదడు చిత్రం తీసి చూస్తే, దాటాల్సిన పోగులు దాటలేదు. కుడిచేతిని కుడి మెదడే నడుపుతోంది. అయినా ఆ పిల్లలు నడుస్తారు, రాస్తారు, చదువుకుంటారు. తెలివికి లోటు లేదు. దాటని నరాలతోనే శరీరం తన పని నేర్చుకుంటుంది. ఆ జబ్బు చాలా అరుదు. ఐనా మన పక్కన ఎందుకు చెబుతున్నానంటే, అది వచ్చేది తల్లి దగ్గరా తండ్రి దగ్గరా ఒకే పాడైన జన్యువు ఉన్నప్పుడు. ఆ కుటుంబాల్లో చాలావాటిలో తల్లిదండ్రులు రక్తసంబంధీకులు.

రాయలసీమలో మేనరికం మనకు మర్యాద. మేనమామకో, అత్త కొడుక్కో ఇవ్వడం, ఆస్తి ఇంట్లోనే నిలవడం, పిల్ల కళ్ళముందే ఉండడం. దాన్ని తిట్టడానికి నేను ఇక్కడ కూర్చోలేదు, మా ఇంట్లోనూ ఉంది. కానీ లెక్క తెలిసి ఉండాలి. మేనమామ, మేనకోడలి మధ్య జన్యువుల్లో సుమారు నాలుగో వంతు ఉమ్మడివి. మేనత్త కొడుకుతో ఎనిమిదో వంతు. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక పాలు బిడ్డకు జబ్బు రావచ్చు. ఇంట్లో ఒక బిడ్డకు పుట్టుకతో నరాల లోపం ఉంటే, ఆ రక్తంలోనే ఇంకో సంబంధం కలుపుకునేముందు జన్యు నిపుణుడి సలహా అడగండి. మన వాళ్ళు నరాల జబ్బులకు ఎట్లాగూ బెంగుళూరు నిమ్హాన్స్‌కో వేలూరుకో పోతారు. అక్కడికి పోయినప్పుడు, మందుతో బాటు ఈ ప్రశ్న కూడా అడగండి. బిడ్డ తల్లిని మాత్రం తప్పుపట్టకండి. ఆ పోగు దాటాల్సిన వారం ఆమె ఏం తిన్నదో, ఏ గ్రహణం చూసిందో దానికీ దీనికీ సంబంధం లేదు.

దారులు సవ్యంగా పడితే ఏమవుతుందో చూడాలంటే పుంగనూరు ఆవు ఈనిన చోట నిలబడాలి. పెద్దావు ఎత్తే మీటరు దాటని జాతి అది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుతున్నారు. దూడ పుట్టినప్పుడు ఒడిలో ఎత్తుకునేంత. తడిసిన ఒళ్ళు తల్లి నాకుతుంటే, ముందు కాళ్ళు మోకాళ్ళమీద ఆనించి, వెనక పైకి లేపి, పడి, మళ్ళీ లేచి, వణుకుతూ నిలబడుతుంది. ఎవరూ నేర్పలేదు. పొదుగు ఎక్కడుందో వెతకడానికి నాలుగు కాళ్ళకూ, మెడకూ, నాలుకకూ పోయిన నరాలన్నీ కడుపులోనే తమ చోట్లకు చేరి ఉన్నాయి. మన బిడ్డ అట్లా లేవలేకపోవడానికి దారి తప్పడం కారణం కాదు. దారులు పడ్డాయి గానీ, మాటలు వేగంగా పోయేందుకు పోగులమీద చుట్టుకోవాల్సిన కొవ్వుపొర ఇంకా పూర్తిగా చుట్టుకోలేదు. మెదడు కూడా ఇంకా పెరగాలి. అందుకే లేచి నడవడానికి ఏడాది పడుతుంది.

చివరగా మా ఇంటి సంగతి ఒకటి. మా చిన్నాయన కొడుకు మల్బరీ కోస్తూ కొడవలి జారి ఎడమ మణికట్టు కోసుకున్నాడు. రక్తం ఆగింది, గాయం మానింది, కానీ చిటికెనవేలూ ఉంగరపువేలూ మొద్దుబారిపోయాయి. డాక్టరు సూక్ష్మదర్శిని కింద తెగిన నరం రెండు కొసలనూ వెంట్రుకకన్నా సన్నని దారంతో కలిపి కుట్టాడు. "కుట్టేసినారు కదక్కా, మరి ఇంకా స్పర్శ రాలేదేమి?" అని నన్ను అడిగాడు. తెగినచోటికి అవతల ఉన్న పోగులు చచ్చిపోయాయని చెప్పాను. కానీ వాటికి తొడుగుగా ఉన్న కణాలు మిగిలాయి. వెన్నునుంచి వచ్చే పాత పోగు, కొసన మళ్ళీ ఒక మొన మొలిపించుకుని, ఆ ఖాళీ తొడుగుల్లో నడవాలి. గుడ్డులో నడిచిన నడకే, అదే వేగం, రోజుకు ఒక మిల్లీమీటరు. ఈసారి మాత్రం చెయ్యి పెరిగి పెద్దదై ఉంది. వెన్నుపాములోనే తెగితే ఈ అదృష్టం లేదు. అక్కడి చుట్టుపక్కల కణాలు పోగుకు దారి ఇవ్వవు. 1981లో కెనడాలో ఆల్బర్ట్ అగువాయో బృందం ఎలుకల్లో కాలినరం ముక్కను వెన్నుపాముకు వంతెనగా వేస్తే, అక్కడి పోగులు దానిలోకి పెరిగాయి. పోగుకు చేతకాకపోవడం కాదు, బాట లేకపోవడమని అప్పుడు తేలింది.

నెలకొకసారి వాడు మా ఇంటికి వస్తాడు. నేను వేలికొసతో మణికట్టునుంచి మెల్లగా తట్టుకుంటూ పోతాను. ఒకచోట తట్టగానే చిటికెనవేలిలో చిమచిమలాడుతుంది. మొన అప్పటికి చేరిన చోటు అది. నీలం పెన్నుతో అక్కడ గీత పెడతాను. గీత నెలకు మూడు సెంటీమీటర్లు జరుగుతుంది. మొన్న వచ్చినప్పుడు అరచెయ్యి దాటి చిటికెనవేలి మొదటిదాకా వచ్చింది. వేలి కొసకు ఇంకా ఆరు సెంటీమీటర్లు ఉంది. "సంక్రాంతికల్లా వస్తుందా అక్కా?" అన్నాడు. క్యాలెండరు తీసి ఇద్దరం లెక్కపెట్టాము.